గుడ్డ దులిపేది

మంగళారం మా అంగడికి తాళం.
ఆ పొద్దు తిరుపతిలో ఎవరి గడ్డమూ నా పూచీ కాదు.
పాకాల మీద పోయే బస్సెక్కి చిత్తూరికి పోతా,
బెల్లం మండీల వెనక వీధిలో
మిద్దె మీద, పేరు చెరిగిపోయిన బోర్డు వెనక
ముక్కలాడే చోటికి.
తొమ్మిదేండ్లుగా పోతాండా.
ఎంత పోయిందో రాజేశ్వరికి చెప్పిన లెక్క వేరే.

అక్కడ ముక్కలు పంచేది దొరసామి.
అరవై దాటినాయి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు.
ఆటకు పది రూపాయల లెక్కన
అందరమూ బిస్కెట్ల డబ్బాలో వేస్తాము.
పంచిన పదమూడు ముక్కలూ
ఎత్తకుండా, కొట్టకుండా కలిసిపోతే
డబ్బా వాడిది. జాక్‌పాట్ అంటారు.
మూడు నెలలుగా ఎవడికీ తగల్లేదు.

పోయిన మంగళారం నాకు తగిలింది.

విప్పి చూసి, మూసి, మళ్ళీ విప్పితి.
ఇస్పేటు ఏడు నుంచి రాజు దాకా
కొండమీద క్యూ మాదిరి, తోపులాట లేకుండా.
డబ్బా బోర్లిస్తే పద్దెనిమిదివేల నాలుగొందలు,
అన్నీ పదులూ యాభైలూ, బిస్కెట్ల వాసన.

సరే. ఇప్పుడు దొరసామికి ఎంత?

వంద ఇస్తే నా మొగానికే సిగ్గు.
నాలుగువేలిస్తే బల్ల చుట్టూ ఉండేవాళ్ళు
పంచినోడికి వాటా అనుకుంటారు.
ఏమీ ఇయ్యకపోతే?
ఆయప్ప ఏం చేసినాడు, కలిపినాడు, పంచినాడు,
అదృష్టం నాది,
అనుకుంటానే ఉలిక్కిపడితి.
ఈ మాట నా కుర్చీలో కూచున్నోళ్ళ మొగాల్లో
అద్దంలో ఎన్నితూర్లు చూసుంటానో.
తల నాది, వెంట్రుకలు నావి,
రేటు ఇచ్చేస్తిమి కదా, ఇంకేంది అని.

నాకు తెలుసు ఆ నిమిషం.
పని అయినాక మెడ మీది గుడ్డ తీసి
వాకిట్లోకి పోయి దులుపుతా.
వెంట్రుకలు ఒక దులుపుకే రాలిపోతాయి.
నేను మూడుసార్లు దులుపుతా.
జేబు తడుముకొనేదానికి ఆ మాత్రం టైము ఇయ్యాల కదా.
అటు తిరిగే ఉంటా. చూస్తే అడిగినట్టు.
పెండ్లికొడుకు పది రూపాయలిచ్చి పోయిన దినాలుండాయి.
కోర్టులో భూమి పోగొట్టుకొని వచ్చినాయన ఒకడు
గడ్డం గీయించుకొని, ఏమీ మాట్లాడకుండా,
రెండొందలు అద్దం కింద పెట్టి పోయినాడు.
ఎందుకో ఇప్పటికీ తెలియదు.

దొరసామి కూడా అటు తిరిగినాడు.
తడిగుడ్డతో బల్ల తుడుస్తాండాడు,
తుడిచిన చోటే మళ్ళీ.

వెయ్యి లెక్కబెట్టి చేతిలో పెడితి.
ఆయప్ప తీసుకోలేదు, తొయ్యలేదు.
"ఇస్తే ఇయ్యి నాయినా. ఒక మాట మాత్రం.
వచ్చే వారం నువ్వు ఓడిపోతావు.
ఆ పొద్దు నా మొగం పక్క చూడగూడదు,
ఆ వెయ్యి ఉండుంటే ఇంకొంచేపు ఆడుందునే అని.
అట్ల చూసినోళ్ళు శానామంది.
చూసేదుంటే ఇది టిప్పు కాదు, అప్పు.
నాకు ఉండే అప్పులు చాలు."

నవ్వితి. నవ్వు సగంలో ఆగిపోయింది.
వెయ్యంటే డబ్బాలో నూరు ఆటలని
నేను అప్పటికే లెక్క మొదలుపెట్టుంటి.
పెట్టుకో, అంటి.
వెనక్కి చూడకుండా మెట్లు దిగేదానికి
మెడ నొప్పి పుట్టింది.

పూతలపట్టు దాటినాక బస్సులో లైట్లు ఆర్పేసినారు.
జేబు మీద చెయ్యి పెట్టుకొని కూచుంటి.
ఇచ్చింది మర్చిపోవాలంటే ఎంత ఇయ్యాల?
తక్కువైనా గుర్తుంటాది. ఎక్కువైతే ఇంకా గుర్తుంటాది.
చంద్రగిరి వచ్చినా లెక్క తేలలేదు.

బుధవారం పొద్దున మొదటి తల
గాజుల అంగడి పిల్లోడిది.
కత్తిరించినా. మెడ తుడిచినా.
గుడ్డ తీసుకొని వాకిట్లోకి పోయి
ఒక్కసారి దులిపి
లోపలికి వచ్చేస్తి.
వాడింకా కుర్చీలోనే ఉండాడు,
చెయ్యి జేబు దగ్గరికి పోనే లేదు.